మీరు వెతికే పోలీస్ సీరియల్ ఓటీటీలో ఎందుకు దొరకదు?

అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్ 1993 జనవరి 31న 'హోమిసైడ్: లైఫ్ ఆన్ ది స్ట్రీట్' అనే పోలీస్ సీరియల్ మొదలుపెట్టింది. 7 సీజన్లు, 122 ఎపిసోడ్లు నడిచి 1999 మే 21న ముగిసింది. అవార్డులు వచ్చాయి, విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు. తర్వాత వచ్చిన ఎన్నో పోలీస్ కథలకు ఇదే దారి చూపించింది. ఇంత పేరున్న సీరియల్ అమెరికాలో స్ట్రీమింగ్‌కు ఎప్పుడొచ్చిందో తెలుసా? 2024 ఆగస్టు 19న. పాతికేళ్లు పట్టింది.

ఎన్‌బీసీ కంపెనీకి పీకాక్ అనే సొంత యాప్ ఉంది. అది 2020 జులైలోనే అమెరికా అంతటా మొదలైంది. సీరియల్ వాళ్లదే, యాప్ కూడా వాళ్లదే. అయినా తమ సీరియల్‌ను తమ యాప్‌లో పెట్టుకోవడానికి మరో 4 ఏళ్లు ఆగాల్సొచ్చింది.

దీన్ని ఎక్కడో అమెరికా గొడవ అని పక్కన పెట్టేయలేం. మనకు రోజూ ఎదురయ్యే సమస్యే ఇది. పోయిన నెల యాప్‌లో ఉన్న సీరియల్, సగం చూసి వదిలేసి మళ్లీ తెరిస్తే మాయమైపోతుంది. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు "చూడన్నయ్యా, చాలా బాగుంది" అని చెప్పిన సీరియల్ విజయవాడలో వెతికితే దొరకదు. పేరుంటుంది, ట్రైలర్ ఉంటుంది, ప్లే బటన్ మాత్రం ఉండదు. డబ్బు కట్టి, చట్టం ప్రకారం చూద్దామనుకునేవాడికే ఇన్ని అడ్డంకులేంటని కోపం రావడం సహజం. ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియాలంటే, ఒక సీరియల్ మన తెర మీదకు రావడానికి వెనక ఎన్ని సంతకాలు కావాలో తెలియాలి.

ముందు ఈ సీరియల్ గురించి కొంచెం చెప్పాలి. ఇది ఎందుకంత విలువైనదో తెలిస్తేనే పాతికేళ్ల తాళం బరువు అర్థమవుతుంది. డేవిడ్ సైమన్ అనే బాల్టిమోర్ పత్రికా విలేకరి 1988లో ఏడాది పాటు అక్కడి హత్యల దర్యాప్తు విభాగంతోనే తిరిగాడు. చూసినదంతా 1991లో పుస్తకంగా తెచ్చాడు. దాని ఆధారంగా పాల్ అటనాసియో సీరియల్‌ను రూపొందిస్తే, బారీ లెవిన్సన్, టామ్ ఫోంటానా నిర్మాణ బాధ్యత చూసుకున్నారు. షూటింగ్ కూడా బాల్టిమోర్‌లోనే, ఫెల్స్ పాయింట్ రేవు దగ్గర జరిగింది. 16 ఎంఎం కెమెరాను చేత్తో పట్టుకుని తీశారు.

ఆ స్టేషన్ గోడ మీద ఒక తెల్ల బోర్డు ఉంటుంది. ఒక్కో డిటెక్టివ్ పేరు కింద హతుల పేర్లు వరసగా రాసి ఉంటాయి. కేసు తేలకపోతే ఎర్ర అక్షరాలు, తేలితే నల్ల అక్షరాలు. ఛేజింగులు, తుపాకీ మోతలు తక్కువ. కథంతా ఆ బోర్డు దగ్గరా, 'బాక్స్' అని పిలుచుకునే ఇరుకు విచారణ గదిలోనూ నడుస్తుంది. మొదటి సీజన్‌లో 'త్రీ మెన్ అండ్ అడీనా' అనే ఎపిసోడ్ ఉంది. హత్యకు గురైన అడీనా అనే చిన్నారి కేసులో, బండి మీద పండ్లమ్ముకునే ముసలాయనను ఇద్దరు డిటెక్టివ్‌లు ఆ గదిలో కూర్చోబెట్టి గంటల తరబడి ప్రశ్నిస్తారు. దాదాపు ఎపిసోడ్ మొత్తం ఆ ముగ్గురే, ఆ ఒక్క గదే. ముసలాయన ఒప్పుకోడు. ఆ పాప పేరు బోర్డు మీద ఎర్రగానే మిగిలిపోతుంది. దీని రచనకు ఫోంటానాకు ఎమ్మీ అనే టీవీ అవార్డు వచ్చింది. టీవీలో ఒక్క గంటలో ఇంతకంటే ఎక్కువ సాధించిన ఎపిసోడ్లు నాకు తెలిసి చాలా తక్కువ.

ఆ ఇద్దరు డిటెక్టివ్‌లలో ఒకరైన పెంబుల్టన్ పాత్ర వేసింది ఆండ్రే బ్రాగర్. 'బ్రూక్లిన్ నైన్-నైన్' చూసినవాళ్లకు కెప్టెన్ హోల్ట్‌గా తెలిసిన ఆయనే. 2023 డిసెంబర్‌లో చనిపోయారు. ఆయన నటజీవితంలో శిఖరం లాంటి ఈ పాత్ర ఓటీటీ ప్రేక్షకుల ముందుకు వచ్చింది ఆ తర్వాత 8 నెలలకు. తాళం ఇంకాస్త ముందు తెరుచుకుని ఉంటే, కొత్త తరం తనను పెంబుల్టన్‌గా గుర్తుపట్టడం ఆయన చూసి ఉండేవారు.

మరి తాళం వేసిందెవరు? పాటలు.

ఈ సీరియల్‌కు ఒక పద్ధతి ఉంది. కేసు మలుపు తిరిగే చోట మాటలు ఆపేసి, ఒక పాట పెట్టి, దాని మీద దర్యాప్తు దృశ్యాలు నడిపిస్తారు. అవి సీరియల్ కోసం చేయించుకున్న పాటలు కావు, బయట ఆల్బమ్‌లలో వచ్చినవి. అలాంటి పాటను దృశ్యం మీద వాడాలంటే రెండు వేర్వేరు అనుమతులు కావాలి. పాట రాసి, బాణీ కట్టినవాళ్ల హక్కు ఒకటి. అది సాధారణంగా మ్యూజిక్ పబ్లిషర్ చేతిలో ఉంటుంది. దాని అనుమతిని సింక్ లైసెన్స్ అంటారు. రెండోది, మనం వినే ఆ రికార్డింగ్ మీద హక్కు. అది రికార్డు కంపెనీది. దాని అనుమతిని మాస్టర్ లైసెన్స్ అంటారు. ఒకటి ఉండి రెండోది లేకపోతే పాట వాడటానికి లేదు.

పాట రాసింది ఒక్కరే అయితే కొంత నయం. నలుగురు కలిసి రాస్తే నలుగురికీ వాటా ఉంటుంది, నలుగురి పబ్లిషర్లూ వేరై ఉండొచ్చు. ఉమ్మడి ఆస్తి రిజిస్ట్రేషన్ లాంటిదే ఇది. ముగ్గురు అన్నదమ్ములు సంతకం పెట్టినా, విదేశంలో ఉన్న నాలుగోవాడు పెట్టకపోతే పని ముందుకు కదలదు. దీనికితోడు ఈ ఒప్పందాల్లో తరచూ ఒక షరతు ఉంటుంది. వాటాదారుల్లో ఎవరికైనా ఎక్కువ రేటు ఇస్తే మిగతా అందరికీ అదే రేటు ఇవ్వాలి. దాంతో ఒక్కరు గట్టిగా పట్టుబడితే పాట మొత్తం ఖర్చు పెరుగుతుంది. ఈలోపు ఏళ్లు గడుస్తాయి. చిన్న రికార్డు కంపెనీలు మూతపడతాయి, లేదా పెద్దవాటిలో కలిసిపోతాయి. గాయకుడు పోతాడు, వారసులెవరో వెతుక్కోవాలి. ఒక్క పాటకు ఇంత కథ. అలాంటివి 122 ఎపిసోడ్ల నిండా ఉన్నాయి.

మొదట్లోనే శాశ్వత హక్కు కొనేస్తే పోయేది కదా అనిపిస్తుంది. అప్పట్లో అలా కొనడానికి కారణం కనిపించలేదు. 1993లో సీరియల్ అంటే టీవీలో వస్తుంది, మళ్లీ వేస్తారు, కొన్నాళ్లు వేరే ఛానళ్లకు అమ్ముతారు, అంతే. సాధారణంగా ఒప్పందాలు కూడా అంతవరకే రాసుకునేవారు. టీవీ ప్రసారానికి, ఫలానా దేశాల్లో, ఫలానా ఏళ్ల పాటు. అన్ని రకాల వాడకానికీ, శాశ్వతంగా అంటే ధర చాలా ఎక్కువ. వారం వారం బడ్జెట్ లెక్క చూసుకునే నిర్మాత, వస్తుందో రాదో తెలియని మాధ్యమం కోసం అంత డబ్బు పెట్టడు. నెట్‌ఫ్లిక్స్ స్ట్రీమింగ్ మొదలైందే 2007లో. 1993లో రాసుకున్న కాగితం మీద ఆ ముక్క ఎలా ఉంటుంది? రాసి లేని హక్కు లేనట్టే. స్ట్రీమింగ్ వచ్చాక మళ్లీ ఒక్కో పాట హక్కుదారు దగ్గరికీ వెళ్లి, కొత్తగా బేరం మొదలుపెట్టాల్సిందే.

ఈ విషయంలో మన చట్టం ఒక మంచి పని చేసింది. 2012లో కాపీరైట్ చట్టం సెక్షన్ 18ని సవరించారు. ఒప్పందం రాసుకున్న రోజుకు లేని, లేదా వ్యాపారంలోకి రాని మాధ్యమానికి ఆ ఒప్పందం వర్తించదు. ఆ మాధ్యమం పేరు ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప. రేపు ఎలాంటి కొత్త సాధనం వచ్చినా, పాట రాసినవారి హక్కు పాత కాగితంతో చేజారిపోకుండా ఇది కాపాడుతుంది. సెక్షన్ 19లో మరో రెండు మాటలున్నాయి. హక్కు రాసిచ్చే కాగితంలో గడువు పేర్కొనకపోతే 5 ఏళ్లే అని లెక్క. ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశం వరకే. అంటే గడువు, ప్రాంతం అనేవి ఓటీటీ కంపెనీలు కొత్తగా పుట్టించిన చికాకులు కావు. హక్కు అనే దాని స్వభావంలోనే అవి ఉన్నాయి. ప్రేక్షకుడిగా నాకు అసౌకర్యమే అయినా, పాటగాళ్ల వైపు నుంచి చూస్తే ఈ రక్షణ న్యాయమైనదే. తన పాట వల్ల ఒక దృశ్యం పండినప్పుడు, ఆ దృశ్యాన్ని మళ్లీ అమ్ముకునే ప్రతిసారీ అతనికి వాటా రావాలి.

చివరికి 2024 జూన్‌లో సైమన్ స్వయంగా ప్రకటించాడు, ఎన్‌బీసీ వాళ్లు పాటల హక్కులు సాధించారని. ఆగస్టులో పీకాక్‌లోకి వచ్చింది, అదీ హెచ్‌డీ, 4కేల్లో కొత్తగా సిద్ధం చేసిన బొమ్మతో. కొన్ని చోట్ల పాటలు మారాయి. మొదటిసారి టీవీలో చూసినవాళ్లకు అది బాధే. అలవాటైన పాట లేని దృశ్యం వాళ్లకు పరాయిదిగా ఉంటుంది. కానీ మొత్తంగా దొరక్కపోవడానికీ, కొన్ని పాటలు మారి దొరకడానికీ మధ్య ఎంచుకోమంటే నేను రెండోదే ఎంచుకుంటాను.

పాటలతో చిక్కుకున్న పోలీస్ సీరియల్ ఇదొక్కటే కాదు. సీబీఎస్‌లో 2003 నుంచి 2010 వరకు వచ్చిన 'కోల్డ్ కేస్' ఇంకా కఠినమైన ఉదాహరణ. ఫిలడెల్ఫియా పోలీసులు ఎప్పుడో మూసేసిన హత్య కేసుల్ని తిరిగి తెరుస్తారు. హత్య ఏ కాలంలో జరిగిందో ఆ కాలపు పాటలే ఎపిసోడ్ నిండా వినిపిస్తాయి. ఒక ఎపిసోడ్‌కైతే మొత్తం బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాటలే. పాట తీసేస్తే ఆ కాలమే పోతుంది, కథకు ఊపిరి ఉండదు. అందుకే అంత జనాదరణ ఉండి కూడా అమెరికాలో దాని డీవీడీ సెట్ బయటికి రాలేదు.

దీనికి పూర్తి వ్యతిరేకంగా 'ది వైర్'ను చూడండి. అదే డేవిడ్ సైమన్, అదే బాల్టిమోర్, పోలీసుల కథే. హెచ్‌బీఓలో 2002 నుంచి 2008 దాకా 60 ఎపిసోడ్లు వచ్చాయి. దానికి హోమిసైడ్ లాంటి కష్టం రాలేదు. అప్పటికే డీవీడీల యుగం వచ్చేసింది కాబట్టి ఒప్పందాలు టీవీకి అవతల కూడా చూసి రాసేవారు. పైగా ఆ సీరియల్‌లో నేపథ్య సంగీతం దాదాపు ఉండదు. కారు రేడియోలోనో, బార్‌లోనో, వీధిలోనో మోగే పాటే మనకూ వినిపిస్తుంది. సహజత్వం కోసం తీసుకున్న నిర్ణయమది.

అయితే 'ది వైర్'ను ఇండియాలో చూడాలనుకున్నవాళ్లు వేరే తిప్పలు పడ్డారు. ఇక్కడ అడ్డం వచ్చింది కంపెనీల మధ్య ఒప్పందాలు. హెచ్‌బీఓ టీవీ ఛానల్ 2020 డిసెంబర్‌లో మన దేశంలో మూతపడింది. ఆ కంపెనీ సీరియళ్లు హాట్‌స్టార్‌లో ఉండేవి. 2023 మార్చి 31తో ఆ ఒప్పందం అయిపోయింది, ఒక్క రాత్రిలో అన్నీ మాయం. ఏప్రిల్ నెలంతా చట్టబద్ధంగా చూసే దారి కోసం వెతుక్కున్నారు. ఆ నెలాఖరులో జియోసినిమాతో కొత్త ఒప్పందం ప్రకటించారు. సరే అని జియోసినిమా సబ్‌స్క్రిప్షన్ తీసుకున్నవాళ్లు, 2025 ఫిబ్రవరి 14న ఆ యాప్ హాట్‌స్టార్‌లో కలిసిపోయి జియోహాట్‌స్టార్ కావడం చూశారు. రెండేళ్లలో చుట్టూ తిరిగి దాదాపు మొదటి చోటుకే వచ్చినట్టు. ఇన్ని మార్పుల్లో సీరియల్‌లో ఒక్క ఫ్రేమ్ కూడా మారలేదు. మారింది దాన్ని చూపించే అనుమతి ఎవరి దగ్గర ఉందన్నదే.

'ఒరిజినల్' అనే ముద్ర కూడా ఇక్కడ జనాన్ని బాగా తికమక పెడుతుంది. నెట్‌ఫ్లిక్స్‌లో ఆ ముద్ర చూసి, సీరియల్ వాళ్లే తీశారనుకుంటాం. 'బాడీగార్డ్' అనే బ్రిటిష్ సీరియల్‌నే తీసుకోండి. హోం మంత్రికి అంగరక్షకుడిగా వెళ్లిన పోలీసు కథ. బీబీసీ కోసం తీసింది, 2018 ఆగస్టులో అక్కడే మొదలైంది. నిర్మించిన వరల్డ్ ప్రొడక్షన్స్ ఐటీవీ గ్రూపు సంస్థ. బ్రిటన్, ఐర్లాండ్ అవతల చూపించే హక్కు నెట్‌ఫ్లిక్స్ కొనుక్కుని, అదే ఏడాది అక్టోబర్ 24న విడుదల చేసింది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు అది నెట్‌ఫ్లిక్స్ ఒరిజినల్. లండన్‌లో ఉన్న తెలుగువాళ్లకు బీబీసీ సీరియల్. ఇద్దరిదీ కరెక్టే. మన 'ఢిల్లీ క్రైమ్' కూడా ఇలాంటిదే. రిచీ మెహతా తీసిన మొదటి సీజన్‌ను 2019 జనవరిలో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో చూపించారు. హక్కులు కొన్న నెట్‌ఫ్లిక్స్ మార్చి 22న విడుదల చేసింది. 2020లో దానికి అంతర్జాతీయ ఎమ్మీ వచ్చింది. కాబట్టి ఆ ముద్ర చూసి, ఇది ఎప్పటికీ ఈ యాప్‌లోనే ఉంటుందని లెక్క వేసుకోకూడదు.

నిజంగా సొంతంగా తీసినదైనా పోదని గ్యారంటీ లేదు. 'వెస్ట్‌వరల్డ్' పోలీస్ సీరియల్ కాదుగానీ ఇక్కడ చెప్పుకోవాలి. హెచ్‌బీఓ సొంత సీరియల్ అది. 2022 డిసెంబర్‌లో తమ సొంత యాప్ హెచ్‌బీఓ మ్యాక్స్ నుంచే తీసేశారు. యాప్‌లో ఉన్నంతకాలం నటులకు, రచయితలకు కట్టాల్సిన చెల్లింపులు ఉంటాయి, పన్నుల లెక్కలు ఉంటాయి, బయటివాళ్లకు అమ్మితే వచ్చే డబ్బు ఉంటుంది. చూసేవాళ్ల సంఖ్య వీటికి సరిపోవడం లేదనిపిస్తే తీసేస్తారు. 2023లో అమెరికాలో రచయితలు, నటులు నెలల తరబడి చేసిన సమ్మెల్లో స్ట్రీమింగ్ చెల్లింపులే ప్రధాన డిమాండ్లలో ఒకటి. అటు వాళ్లకు చాలినంత రావడం లేదు, ఇటు మనకు చూడటానికి దొరకడం లేదు. మధ్యలో ఉన్న కంపెనీలు దీనికి జవాబు చెప్పాలి.

తెలుగు డబ్బింగ్ సంగతి కూడా మనవాళ్లు గమనించాలి. ఒక యాప్ డబ్బు పెట్టి తెలుగులో చెప్పించిన ఆడియో చాలాసార్లు ఆ యాప్ ఏర్పాటుగానే ఉంటుంది. సీరియల్ ఇంకో యాప్‌కు మారినప్పుడు బొమ్మ అక్కడికి వెళ్తుంది, తెలుగు గొంతు కూడా దానితో వస్తుందన్న నమ్మకం లేదు. అమ్మానాన్నల కోసం సబ్‌స్క్రిప్షన్ తీసుకునేవాళ్లు డబ్బు కట్టే ముందే భాషల జాబితా చూసుకోవాలి.

ఇక అడ్డదారుల మాట. వీపీఎన్ పెట్టుకుని వేరే దేశంలో ఉన్నట్టు చూపించి చూసేవాళ్లున్నారు. మన దేశంలో వీపీఎన్ వాడటమే నేరం కాదు. కానీ అలా చూడటం ఓటీటీ కంపెనీలతో మనం ఒప్పుకున్న షరతులకు విరుద్ధం. అకౌంట్ ఆపేయొచ్చు, చాలాచోట్ల ఆ దేశపు కార్డు లేకపోతే డబ్బు కట్టడమే కుదరదు. యూరప్‌లో దీనికి చట్టమే ఒక పరిష్కారం చూపింది. 2018 ఏప్రిల్ 1 నుంచి, యూరోపియన్ యూనియన్‌లో ఒక దేశంలో డబ్బు కట్టినవాళ్లు తాత్కాలికంగా ఇంకో సభ్యదేశానికి వెళ్లినా తమ సొంత దేశంలో ఉన్నట్టే చూసుకోవచ్చు. మన దేశం నుంచి చదువులకు, ఉద్యోగాలకు ఇంతమంది బయటికి వెళ్తున్నారు. దేశాల మధ్య ఇలాంటి ఏర్పాటు గురించి గట్టిగా అడగాల్సింది మనమే.

టెలిగ్రామ్ గ్రూపుల సంగతి వేరు. అది కాపీరైట్ ఉల్లంఘన. తెలిసి చేసినవారికి, చేయడానికి సాయపడినవారికి కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. ఒక సైట్ మూస్తే అదే సరుకుతో ఇంకో పేరున పుట్టుకొస్తోందని, 2019లో ఢిల్లీ హైకోర్టు కొత్త పద్ధతి తెచ్చింది. నకలు సైట్లకూ పాత ఉత్తర్వునే వర్తింపజేసే వీలు అది. 2023లో దాన్ని ఇంకా విస్తరించి, మున్ముందు రాబోయే రచనలకు కూడా రక్షణ ఇచ్చింది. చట్టం ఎలాగూ ఉంది, నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది వేరే. హోమిసైడ్ పాటల హక్కుల కోసం ఒక కంపెనీ మనుషుల్ని పెట్టి, లాయర్లకు కట్టి, ఎన్నో బేరాలు చేసిందంటే, డబ్బు కట్టి చూసేవాళ్లు ఉన్నారని నమ్మింది కాబట్టే. నకలు ప్రింట్ చూసేవాళ్లు ఎంతమంది ఉన్నా ఆ లెక్కలోకి రారు. రేపు ఇంకో పాత సీరియల్ తాళం తీయాలా వద్దా అని ఒక గదిలో నలుగురు కూర్చుని ఆలోచించేటప్పుడు మన ఆసక్తి అక్కడి కాగితం మీద కనిపించాలి.

కాబట్టి చేయదగినవి ఇవీ. యాప్‌ను కాకుండా సీరియల్‌ను పట్టుకోండి. జస్ట్‌వాచ్ లాంటి వెతుకులాట సైట్లలో దేశం ఇండియా అని పెట్టి పేరు కొడితే, ప్రస్తుతం ఏ యాప్‌లో ఉందో, అద్దెకా, కొనుక్కోవాలా తెలుస్తుంది. ఏడాది ప్లాన్ చవకగా కనిపించినా, ఒక్క సీరియల్ కోసమైతే నెల ప్లాన్ తీసుకుని చూసేసి ఆపేయడమే మేలు. ఏడాది మధ్యలో అది వెళ్లిపోతే కంపెనీ డబ్బు వెనక్కివ్వదు. డిజిటల్‌గా 'కొన్నాం' అనుకున్నది కూడా తరచూ లైసెన్సే. కాలిఫోర్నియా రాష్ట్రం ఈ విషయం కొనేవాడికి స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అనే మాట వాడకూడదని చట్టం చేసింది, 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఎవరూ వెనక్కి తీసుకోలేనిది డిస్కు ఒక్కటే. హోమిసైడ్ డీవీడీలు స్ట్రీమింగ్‌కు చాలా ముందే అమెరికాలో వచ్చాయి. ఓటీటీలో దారి లేని ఏళ్లలో ఆ సీరియల్‌ను బతికించినవి అవే. అయితే డీవీడీలకు ప్రాంతాల వారీగా తాళం ఉంటుంది. అమెరికా డిస్కులు రీజియన్ 1, మన ప్లేయర్లు రీజియన్ 5. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ ఉందో లేదో చూసుకుని తెప్పించుకోవాలి.

హోమిసైడ్ దొరికినవాళ్లు మొదలుపెట్టే ముందు కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. రెండో సీజన్‌లో 4 ఎపిసోడ్లే కనిపిస్తే యాప్ తప్పు అనుకోవద్దు, ఎన్‌బీసీ ప్రసారం చేసిందే అన్ని. మొదటి సీజన్‌లో 'నైట్ ఆఫ్ ది డెడ్ లివింగ్' అనే ఎపిసోడ్‌ను నిర్మాతలు మూడోదిగా అనుకున్నారు, ఛానల్ మాత్రం సీజన్ చివరన వేసింది. మూడోదిగా చూస్తేనే అడీనా కేసు సాగిన తీరు సరిగ్గా కుదురుతుంది. నాలుగో సీజన్‌లో 'ఫర్ గాడ్ అండ్ కంట్రీ' దగ్గర కథ మధ్యలో మొదలైనట్టు అనిపిస్తుంది. నిజంగా మధ్యలోనే మొదలవుతుంది. దాని మొదటి సగం 1996 ఫిబ్రవరి 7న 'లా అండ్ ఆర్డర్' సీరియల్ ఆరో సీజన్‌లో 'చార్మ్ సిటీ' పేరుతో వచ్చింది, రెండో సగం రెండు రోజుల తర్వాత ఇక్కడ. అది వేరే సీరియల్, దాని హక్కుల ఒప్పందం వేరు, మీ దగ్గర అది వేరే యాప్‌లో ఉండొచ్చు. ముందు అది వెతికి చూసి, తర్వాత ఇది పెట్టుకోండి.